రాష్ట్రపతి ఎన్నికల లెక్కలో నేనింకా పుట్టలేదు

మన దేశంలో ఒక పెద్ద ఎన్నిక ఉంది. ఆ ఎన్నిక లెక్క ప్రకారం మా వరంగల్లులో 1971 తర్వాత ఒక్క పురుడు కూడా జరగలేదు. ఒక్కరు పోలేదు కూడా. ఎన్ఐటీ ఇంకా ఆర్ఈసీగానే ఉంది, ఆజంజాహి మిల్లు సైరన్ ఇంకా మోగుతూనే ఉంది, సూరత్ కీ భివండీకీ వలసపోయిన నేతన్నలు ఇంకా ఊళ్ళోనే మగ్గం నేస్తున్నారు. నేను తొంభైల్లో పుట్టినవాణ్ణి. కాబట్టి ఆ లెక్కలో నేను లేను. ఈ టపా చదివేవాళ్ళలో కూడా సగానికి పైగా ఉండరని నా అనుమానం.

వెటకారం కాదండీ. రాష్ట్రపతి ఎన్నిక సంగతే చెప్తున్నా.

"మనం ఓటే వెయ్యని ఎన్నిక గురించి మనకెందుకు గోల" అంటారా? మనం వెయ్యం కాబట్టే గోల. మన పేరు చెప్పి, మన తలలు లెక్కపెట్టి, ఆ బరువుతో ఇంకొకరు ఓటేస్తారు. అలాంటప్పుడు కనీసం తలల లెక్కైనా సరిగ్గా ఉండాలి కదా?

ముందు ఫార్ములా చూద్దాం. (వృత్తి దోషం, ఫార్ములా కనపడితే చెయ్యి ఊరుకోదు.)

రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎన్నికైన ఎంపీలు, ఎన్నికైన ఎమ్మెల్యేలు. ఎంపీలకి ఆకుపచ్చ బ్యాలెట్, ఎమ్మెల్యేలకి గులాబీ రంగు బ్యాలెట్ ఇస్తారు. (మా రాష్ట్రంలో గులాబీ అంటే వేరే అర్థం ఉంది గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు :)) ఎంపీ ఓటు విలువ దేశమంతా ఒకటే. ఎమ్మెల్యే ఓటు విలువ మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. రాజ్యాంగం 55వ అధికరణం చెప్పేదేంటంటే, రాష్ట్ర జనాభాని ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించు, వచ్చినదాన్ని వెయ్యితో భాగించు, శేషం ఐదొందలు లేక ఆపైన ఉంటే ఒకటి కలుపు. అంతే. అంటే ఎమ్మెల్యే చేతిలో ఉన్న ఒక్కో ఓటూ వెయ్యిమంది జనానికి లెక్క.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 4,35,02,708. ఎమ్మెల్యేలు 294 మంది. భాగిస్తే 148. కాబట్టి 2012లో ప్రణబ్ ముఖర్జీ గెలిచిన ఎన్నికలో వరంగల్ ఎమ్మెల్యే ఓటు విలువ 148. 2014లో రాష్ట్రం రెండయింది. తెలంగాణ జనాభా 1,57,02,122, ఎమ్మెల్యేలు 119 మంది, విలువ 132. ఆంధ్రప్రదేశ్ జనాభా 2,78,00,586, ఎమ్మెల్యేలు 175 మంది, విలువ 159. 2017లో, 2022లో ఓట్లు పడ్డది ఈ విలువలతోనే.

ఈ అంకెలు చూపిస్తే మా ఆఫీసులో ఒక తమ్ముడు ఇంతెత్తున లేచాడు. "ఏందన్నా ఇది, రాష్ట్రం తెచ్చుకుంటే మన ఓటు 148 నుంచి 132కి పడిపోయిందా? వాళ్ళది 159కి పెరిగిందా? ఇందులో కూడా మనకు అన్యాయమేనా?"

అన్యాయం లేదు తమ్ముడూ. మొత్తం చూడు. ఉమ్మడి రాష్ట్రానికి 294 × 148 = 43,512 ఓట్లు. విడిపోయాక తెలంగాణకి 15,708, ఆంధ్రకి 27,825, కలిపితే 43,533. తగ్గలేదు సరికదా 21 ఓట్లు పెరిగాయి! రాష్ట్రాన్ని విడగొడితే ఓట్లెలా పుట్టాయంటే, రౌండింగ్ మహిమ. మన దగ్గర జనాభాతో పోలిస్తే సీట్లు ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఒక్కో సీటుకి బరువు తక్కువ. రాష్ట్రం మొత్తం బరువుకి దాంతో సంబంధం లేదు.

కానీ తమ్ముడి ప్రశ్న వల్ల ఇంకో తమాషా బయటపడింది. అసలు మన దగ్గర సీట్లు ఎందుకు ఎక్కువ? 2009 ఎన్నికల ముందు దాకా ఉమ్మడి రాష్ట్రంలో తెలంగాణకి 107 సీట్లే. నియోజకవర్గాల పునర్విభజనలో అవి 119 అయ్యాయి. ఆ విభజన చేసింది 2001 జనాభా లెక్కలతో. అప్పటికి హైదరాబాదూ దాని చుట్టుపక్కలా పెరిగిపోయి ఉన్నాయి కాబట్టి సీట్లు ఇటు వచ్చాయి. కానీ ఓటు విలువ లెక్కలో వాడే జనాభా మాత్రం 1971ది.

అర్థమైందా? ఒకే భాగహారంలో పైన అంకె 1971ది, కింద అంకె 2001 జనాభాని బట్టి వచ్చింది. మా ప్రాజెక్టులో ఎవడైనా ఇలా రెండు వేర్వేరు కాలాల డేటాని ఒకే ఫార్ములాలో కలిపితే కోడ్ రివ్యూ దాటనివ్వరు. ఇక్కడ అదే దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే లెక్క.

మొదట్నుంచీ ఇలా లేదు. రాజ్యాంగం రాసినవాళ్ళు చెప్పింది, అప్పటికి ప్రచురితమైన చివరి జనాభా లెక్కలు వాడమని. 1969లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 125. అది 1961 లెక్కల ప్రకారం, 287 మంది ఎమ్మెల్యేలతో వచ్చిన అంకె. పదేళ్ళకోసారి కొత్త డేటా వస్తే విలువ దానంతటదే మారాలి. బాగా రాసిన ఫంక్షన్ అది. ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణతో దాన్ని 1971 దగ్గర ఆపేశారు. 2000 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా అన్నారు. గడువు దగ్గరపడ్డాక 2001లో 84వ సవరణ చేసి, 2026 తర్వాత జరిగే మొదటి లెక్కలు ప్రచురితమయ్యేదాకా అని పొడిగించారు. మా భాషలో దీన్ని హార్డ్‌కోడింగ్ అంటారు. మారాల్సిన అంకెని తాత్కాలికం అని చెప్పి ప్రోగ్రాములో చేత్తో రాసెయ్యడం. తాత్కాలికంగా పెట్టినవే అన్నిటికన్నా ఎక్కువ కాలం బతుకుతాయని సాఫ్ట్‌వేర్ లో రెండేళ్ళు పనిచేసిన ఎవరికైనా తెలుసు.

ఇంతకీ ఈ బరువు అంత ముఖ్యమా? రాష్ట్రపతి రబ్బరు స్టాంపే కదా?

ఆ మాట మనం, అందులోనూ తెలుగువాళ్ళం, అనకూడదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్ లాల్ ఎన్టీఆర్ ని ముఖ్యమంత్రి పదవి నుంచి తీసేసినప్పుడు ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలని తీసుకుని వెళ్ళింది ఎక్కడికి? ఢిల్లీలో రాష్ట్రపతి జైల్ సింగ్ ముందుకి. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. అందులో జనం పోరాటమే ఎక్కువ, కాదనను. కానీ మెజారిటీ ఉందని నిరూపించుకోవడానికి తలుపు తట్టాల్సి వచ్చింది ఆ భవనాన్నే. 1997లో ఉత్తరప్రదేశ్ లో రాష్ట్రపతి పాలన పెట్టమని కేంద్రం పంపిన సిఫార్సుని కె.ఆర్. నారాయణన్ వెనక్కి పంపారు. 2014 మార్చి 1న పునర్విభజన చట్టం మీద ప్రణబ్ ముఖర్జీ సంతకం పడింది. మా రాష్ట్రం పుట్టిన కాగితం మీద ఉన్నది రాష్ట్రపతి సంతకమే. రోజూ అవసరం రాదు. అవసరం వచ్చిన రోజు మాత్రం ఆ కుర్చీలో ఎవరున్నారన్నది పెద్ద విషయమే.

బరువు ఎంత తేడా తెస్తుందో చూడాలంటే 1969 చూడాలి. జాకిర్ హుస్సేన్ మే 3న పదవిలో ఉండగానే చనిపోయారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడిగా వి.వి. గిరి. ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ, ఇంకొకరు బరంపురంలో తెలుగింట పుట్టినవారు. ఇందిరాగాంధీ తన పార్టీ అభ్యర్థిని పక్కనపెట్టి అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటెయ్యమన్నారు. ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యతలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్ కి 1,12,769. ఎవరికీ కావలసిన కోటా రాలేదు. రెండో ప్రాధాన్యతలు కలిపాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. తేడా 14,650.

ఇప్పుడు దాన్ని ఆంధ్రప్రదేశ్ ఓట్లలోకి మార్చండి. ఒక్కో ఎమ్మెల్యేది 125. గిరి వైపు నుంచి 59 మంది ఎమ్మెల్యేల బరువు రెడ్డి వైపు జరిగి ఉంటే ఫలితం తిరగబడేది. ఒక్క రాష్ట్రంలో ఐదో వంతు ఎమ్మెల్యేలు! అంత సన్నటి గీత మీద నడిచిన ఎన్నిక అది. అలాంటి ఎన్నిక మళ్ళీ రాదని ఎవరూ రాసివ్వలేరు. వచ్చిన రోజున ఒక్కో రాష్ట్రం తూకపురాయి సరైనదో కాదో అప్పుడు వెతుక్కుంటే లాభం లేదు.

పైగా మన రాష్ట్రాలు ఈ ఎన్నికలో విడివిడిగా కాకుండా ముద్దగా ఓటేస్తాయి. ఇది రహస్య బ్యాలెట్, పార్టీ విప్ చెల్లదు. అయినా 2022లో ఏమైంది? ఆంధ్రప్రదేశ్ లో యశ్వంత్ సిన్హాకి ఒక్క ఎమ్మెల్యే ఓటు కూడా పడలేదు. పక్కనే తెలంగాణలో ద్రౌపది ముర్ముకి పడ్డవి 3. విడిపోయి ఎనిమిదేళ్ళే అయిన రెండు తెలుగు రాష్ట్రాలు, ఒకటి పూర్తిగా అటు, ఇంకొకటి దాదాపు పూర్తిగా ఇటు. కాబట్టి రాష్ట్రం మొత్తం బరువు అన్నది కాగితం మీద లెక్క మాత్రమే కాదు, ఒకేసారి ఒకే పళ్ళెంలో పడే రాయి.

జనం ఒకరు, వాళ్ళ బరువు వాడుకునేది ఇంకొకరు అన్న ఏర్పాటు మనం కనిపెట్టింది కాదు. అమెరికాలో కూడా రాష్ట్రాలకి జనాభాని బట్టి బరువు ఇచ్చి, ఆ బరువుతో ఎలక్టర్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. లింకన్ గెలిచిన 1860 ఎన్నిక తీసుకోండి. అప్పటికి మిగతా రాష్ట్రాలన్నిటిలో జనం ఓటేసి ఎలక్టర్లని ఎన్నుకుంటున్నారు. సౌత్ కరొలైనాలో మాత్రం జనానికి ఓటు లేదు. మన ఎమ్మెల్యేల్లాగే అక్కడి శాసనసభ కూర్చుని తేల్చింది. ఆ రాష్ట్రానికున్న ఎనిమిది ఓట్లూ బ్రెకిన్‌రిడ్జ్ కి వెళ్ళాయి.

ఆ ఎనిమిది ఎలా వచ్చాయి? జనాభాని బట్టి. 1860 లెక్కల్లో సౌత్ కరొలైనా జనం 7,03,708 మంది. అందులో 4,02,406 మంది బానిసలు. బరువు లెక్క కట్టేటప్పుడు ఐదుగురు బానిసలని ముగ్గురు మనుషులుగా లెక్కేసేవాళ్ళు. అంటే వాళ్ళ తలలు యజమానుల రాష్ట్రానికి బరువు పెంచాయి, వాళ్ళ నోటికి మాత్రం తాళం. అదే డిసెంబర్ 20న ఆ రాష్ట్రం బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దేశం నుంచే విడిపోయింది.

మన 1971 అంకెని ఆ దుర్మార్గంతో సమానం అనడం లేదు. ఆ మాటంటే ఆ నాలుగు లక్షల మందిని అవమానించినట్టే. నేను చూస్తున్నది లెక్క నిర్మాణం ఒక్కటే. లెక్కలో ఉండేది ఎవరు, నిర్ణయం తీసుకునేది ఎవరు అన్నవి రెండు వేరయినప్పుడు, లెక్క తప్పుగా ఉన్నా దాన్ని సరిచెయ్యాలన్న తొందర నిర్ణయం తీసుకునేవాళ్ళకి ఉండదు. వాళ్ళకి నొప్పి తెలీదు. మామూలు ఎన్నికల్లో ఓటరు జాబితాలో పేరు లేకపోతే మనం పోలింగ్ బూత్ దగ్గరే లొల్లి చేస్తాం. ఇక్కడ యాభై ఏళ్ళుగా పుట్టినవాళ్ళెవరూ లెక్కలో లేకపోయినా ఒక్కరికీ తెలీదు.

సరే, కొత్త లెక్కలు వేస్తే ఏమవుతుంది? "దక్షిణాది మునిగిపోతుంది" అని అందరూ అంటుంటారు కాబట్టి నేను కూర్చుని 2011 జనాభాతో లెక్క కట్టాను. పోలవరం ముంపు మండలాలు ఆంధ్రలో కలిపాక ఉన్న అంకెలు తీసుకున్నాను. సీట్లు ఇప్పుడున్నవే.

ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 208 నుంచి 496 అవుతుంది. బీహార్ 173 నుంచి 428. తమిళనాడు 176 నుంచి 308. కేరళ 152 నుంచి 239. ఆంధ్రప్రదేశ్ 159 నుంచి 283. తెలంగాణ 132 నుంచి 294.

చివరి రెండు మళ్ళీ చూడండి. 1971 లెక్కలో ఆంధ్ర ఎమ్మెల్యే కన్నా తక్కువ ఉన్న తెలంగాణ ఎమ్మెల్యే 2011 లెక్కలో పైకొచ్చేశాడు. దేశ జనాభాలో తెలంగాణ వాటా 1971లో 2.86 శాతం, 2011లో 2.89 శాతం. అంటే తగ్గనే లేదు. ఆంధ్రప్రదేశ్ వాటా మాత్రం 5.1 నుంచి 4.1కి దిగింది. కాబట్టి దక్షిణాది అంతా ఒకే పడవలో ఉందని వేదికల మీద చెప్పేది కనీసం ఈ లెక్కలో నిజం కాదు.

ఇది విని మా టీంలో వైజాగ్ నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన నవ్వారు. "అందుకే కదా తమరు కొత్త లెక్కలు కావాలంటున్నారు? నీ అంకె పెరుగుతోంది, నాది తగ్గుతోంది. మేం ఇద్దరు ముద్దు అంటే విని ఇద్దరితో ఆపినందుకు మాకు శిక్షా?"

న్యాయమైన ప్రశ్న. నాకు తోచిన జవాబులు ఇవి.

ఒకటి, 2011 అంకె ఇప్పటికే పాతబడింది. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదాపడి, 2027 మార్చి 1 గీటురాయి తేదీగా 2025 జూన్ లో నోటిఫికేషన్ వచ్చింది. తెలంగాణలో కూడా కాన్పులు తగ్గాయి, కొత్త లెక్కల్లో మా వాటా కూడా దిగే అవకాశమే ఎక్కువ. దిగినా నా మాట ఇదే.

రెండు, ఆంధ్రలో తగ్గిన వాటా అంతా కుటుంబ నియంత్రణ వల్ల తగ్గింది కాదు. గుంటూరు నుంచో భీమవరం నుంచో వచ్చి హైదరాబాదులో స్థిరపడి, ఇక్కడే పిల్లల్ని కన్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు కదా సార్? మీరూ అంతే కదా, మీ బాబు పుట్టింది కూకట్‌పల్లిలో. 1971 లెక్కలో మీరిప్పటికీ విశాఖ జిల్లా ఖాతాలోనే ఉన్నారు, మీ బాబు ఎక్కడా లేడు. అలాగే మా నేత కుటుంబాలు సూరత్ లో ఇల్లు కట్టుకుని రెండు తరాలైనా వాళ్ళ బరువు వరంగల్ ఎమ్మెల్యే జేబులోనే ఉంది. వాళ్ళ ఓటడగడానికి ఏ వరంగల్ ఎమ్మెల్యే వెళ్ళడు, వాళ్ళ బరువు మాత్రం వాడుకుంటాడు. కదలని లెక్క అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం చేసేది కదిలిన మనుషులకి.

మూడు, ఇది ముఖ్యమైనది. అందరూ భయపడేది లోక్‌సభ సీట్ల గురించి. ఆ భయంలో అర్థం ఉంది. పన్నులు, చట్టాలు, నిధులు అన్నీ అక్కడ తేలతాయి. జనాభా అదుపు చేసిన రాష్ట్రం నోరు అక్కడ చిన్నది కాకూడదన్న వాదన వేరే, దాని మీద వేరే తూకం వెయ్యాలి. రాష్ట్రపతి ఎన్నికలో ఆ రక్షణ ఎలాగూ సగం ఉంది. ఎందుకంటే ఎమ్మెల్యేల ఓట్ల మొత్తం ఎంతో, ఎంపీల ఓట్ల మొత్తం దాదాపు అంతే వచ్చేలా ఎంపీ ఓటు విలువ కడతారు. 2022లో అది 700. లోక్‌సభ, రాజ్యసభ కలిపి ఆంధ్రకి 36 మంది ఎంపీలు, తెలంగాణకి 24 మంది. మొత్తం 776లో 60, అంటే 7.7 శాతం. ఎమ్మెల్యేల వైపు ఏ లెక్క వాడినా ఆ అంకె అలాగే ఉంటుంది. ఎమ్మెల్యేల వైపు రెండు తెలుగు రాష్ట్రాల వాటా 7.9 నుంచి 7.0కి వస్తే, మొత్తం మీద తగ్గేది అర శాతం లోపే. ఆ అర శాతం కోసం యాభై ఏళ్ళ మనుషుల్ని లెక్కలోంచి తీసెయ్యాలా?

"ఇదంతా నిష్పత్తే కదా, నువ్వు వ్యక్తిగతంగా లెక్కలో లేకపోతే ఏమైంది" అని ఇంకో మిత్రుడన్నాడు. నిజమే, అందరి జనాభా ఒకేలా పెరిగి ఉంటే 1971 అయినా 1871 అయినా తేడా ఉండదు. కానీ కేరళ జనాభా ఒకటిన్నర రెట్లు దాటితే, ఉత్తరప్రదేశ్ ది దాదాపు రెండుంబావు రెట్లు దాటింది. నిష్పత్తే మారిపోయింది. అప్పుడు లెక్కలో లేకపోవడం ఉత్త మాట కాదు.

ఇక ఇంజినీరుగా నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వేరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిధి మొత్తం వాటా దశాబ్దాల వారీగా చూడండి. 1971లో 7.9 శాతం. 1981లో 7.8. 1991లో 7.9. 2001లో 7.4. 2011లో 7.0. మొదటి ఇరవై ఏళ్ళు అసలు కదల్లేదు. తర్వాత పదేళ్ళకి అర శాతం చొప్పున దిగింది. పదేళ్ళకోసారి మార్చుకుంటూ వచ్చి ఉంటే పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్తయ్యేది. ఏ రాష్ట్రమూ ధర్నా చేసేది కాదు. అలా చెయ్యకుండా యాభై ఏళ్ళ మార్పుని మూటకట్టి ఒక్కరోజు తల మీద పెడతామంటే ఎవరు మోస్తారు? మా పనిలో ఏళ్ళ తరబడి కలపకుండా వదిలేసిన బ్రాంచ్ ఉంటుంది. రోజూ కలిపితే ఐదు నిమిషాల పని. రెండేళ్ళ తర్వాత కలుపుదామంటే వారం రోజులు ఎవరికీ నిద్ర ఉండదు. అప్పుడు మేనేజర్ అంటాడు, "ఈసారికి వదిలెయ్, వచ్చే రిలీజ్ లో చూద్దాం" అని. 2001లో జరిగింది సరిగ్గా అదే. వచ్చే గడువు దగ్గర కూడా అదే మాట వినపడుతుందని నా భయం.

నేను కోరేది పెద్దదేం కాదు. ఎమ్మెల్యే ఓటు విలువ లెక్కని లోక్‌సభ సీట్ల పంచాయితీ నుంచి విడదియ్యాలి. రెండూ ఒకే మూటలో ఉన్నంతకాలం పెద్ద గొడవ తేలదు కాబట్టి చిన్న తప్పు కూడా అలాగే ఉండిపోతుంది. విడదీశాక, 1976కి ముందు ఉన్నట్టే, ప్రచురితమైన చివరి జనాభా లెక్కలు వాడాలి. ఇంకెప్పుడూ ఆపకూడదు. ఒకేసారి మార్పు భారం అనుకుంటే రెండు ఎన్నికల్లో సగం సగం చెయ్యండి, అభ్యంతరం లేదు. ముర్ముగారు ప్రమాణం చేసింది 2022 జులై 25న, పదవీకాలం ఐదేళ్ళు. 2027 మార్చి లెక్కలు ఆ ఏడాది ఎన్నికకి అందకపోవచ్చు. ఆ తర్వాతి దానికైనా అందాలి.

ఇది రాస్తూ మా ఇంట్లో లెక్క తీశాను. 1971 నాటికి నాన్న హన్మకొండలో బడికి పోయే పిల్లగాడు, ఉన్నాడు. అమ్మ అప్పటికి చంకన ఎత్తుకునే పిల్ల, ఉంది. తాత పోయి పన్నెండేళ్ళు దాటింది, ఆయనా ఉన్నాడు. నేనూ చెల్లె లేము. పన్నులు కట్టే ఇద్దరం లెక్కలో లేము, కాటికెళ్ళిన తాత మాత్రం రాష్ట్రపతిని ఎన్నుకుంటున్నాడు.

మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కేసి చెప్పండి. నా ఫార్ములాలో తప్పుంటే అదీ చెప్పండి. అంకెలతో చెప్తే ఇంకా సంతోషం.